స్టోర్ రూమ్‌లో రోహిణి కార్తె

మా ఇంట్లో ఒక గదికి ఏడాది పొడుగునా రోహిణి కార్తే. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఫ్లాట్ అమ్మినాయన దాన్ని 'యుటిలిటీ స్పేస్' అన్నాడు. గృహప్రవేశం రోజు నుంచి అది మా అమ్మ సామాన్ల గది. కింద బియ్యం బస్తా, దాని పక్కన చింతపండు డబ్బా, పై అరలో మా ఆవిడకు సారెలో వచ్చి ఇంతవరకు నీళ్ళ మొహం చూడని స్టీలు బిందెలు. నడిమి అరలో నా సర్వరు.

సర్వరంటే మరీ ఊహించుకోకండి. పాత కంప్యూటర్‌లో నాలుగు హార్డ్ డిస్కులు బిగించి, పక్కన వైఫై డబ్బా, ఫైబర్ డబ్బా, వీటన్నిటినీ వైర్లతో కలిపే స్విచ్ అనే డబ్బా, ఒక యూపీఎస్ పెట్టాను. ఫోన్‌లో "స్టోరేజ్ నిండిపోయింది, నెలకు 130 రూపాయలు కట్టండి" అని రోజూ అడుగుతుంటే పౌరుషం వచ్చింది. మా పాప అన్నప్రాసన ఫొటోలు దాచుకోవడానికి నేను ఒకరికి అద్దె కట్టడమేమిటని, 60 వేలు పెట్టి సొంత ఇల్లు కట్టించాను వాటికి. మా ఆవిడ బీకాం. నిలబడ్డచోటే లెక్క కట్టి, "పెట్టుబడి తిరిగి రావడానికి 38 ఏళ్ళు పడుతుందండీ" అంది. "అప్పటికి మీకు ఎనభై."

మొదట హాల్లో టీవీ కింద పెట్టాను. రాత్రిళ్ళు ఆ డిస్కులు ఎలక చెక్క కొరుకుతున్నట్టు చప్పుడు చేసేవి. పచ్చలైట్లు మినుకుమినుకుమంటుంటే, చూడవచ్చిన మా పెద్దమ్మ "పేలదు కదా నాన్నా?" అని అడిగి కాస్త దూరంగా జరిగి కూర్చుంది. ఆ సాయంత్రమే బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. స్టోర్ రూమ్‌కి.

కొత్తలో అందరికీ బాగానే ఉంది. అన్నిటికంటే అమ్మకి బాగుంది. డిసెంబర్‌లో హైదరాబాద్ చలికి ఇడ్లీ పిండి పొంగదు. గుడివాడ నుంచి వచ్చిన కాణ్ణుంచీ అమ్మకి ఇదొక్కటే దిగులు. ఒకరోజు పొద్దున్నే స్టోర్ రూమ్‌లో చింతపండు కోసం చెయ్యి పెట్టి, "ఒరేయ్, ఇక్కడ వెచ్చగా ఉందేమిట్రా?" అంది. మర్నాటి నుంచి సర్వరు పక్కన పిండి గిన్నె వెలిసింది. పిండి ఎంత బాగా పొంగిందంటే, ఎదురింటావిడ కూడా తన గిన్నె తెచ్చి ఇచ్చేది. నా అరవై వేల పెట్టుబడి మీద వచ్చిన మొదటి లాభం అది. ఒక్కసారి మాత్రం మూత ఎత్తుకుని పొంగిన పిండి స్విచ్ మీదకి రెండంగుళాల దూరం దాకా పాకి, దయతలచి ఆగింది.

ఆ వెచ్చదనం ఎక్కడిదో నేను ఆలోచించి ఉండాల్సింది. ప్లగ్గుకి చిన్న మీటర్ పెట్టి చూస్తే మొత్తం సామగ్రి 140 వాట్లు లాగుతోంది. రోజంతా నడిస్తే నెలకు వంద యూనిట్లు. ఈ ముక్క మా ఆవిడ చెవిన పడగానే 38 ఏళ్ళ లెక్క రద్దయి, పెట్టుబడి ఇక ఎప్పటికీ రాదని తేలింది. అది వేరే సంగతి. అసలు సంగతి ఏమిటంటే, మిక్సీకి కరెంటు ఇస్తే పచ్చడి వస్తుంది, మోటారుకి ఇస్తే ట్యాంకు నిండుతుంది. సర్వరుకి ఇస్తే, అది ఎంత పని చేసినా ఆఖరికి ఆ 140 వాట్లూ వేడిగానే బయటికొస్తాయి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు. అంటే నేను ఆ గదిలో మనిషిన్నరని కూర్చోబెట్టి బయట గడియ పెట్టానన్నమాట. పగలూ రాత్రీ.

మే నెలలో ఆ మనిషిన్నర తలుపు కొట్టడం మొదలుపెట్టారు.

మొదట వైఫై పోయింది. అదీ క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో, ఆరు బంతుల్లో తొమ్మిది కావాల్సి ఉండగా. బౌలర్ చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయాడు. నాన్నగారు నన్ను ఒక చూపు చూశారు. ఇంటర్ ఫెయిలైనప్పుడు కూడా ఆ చూపు చూడలేదు. పరుగెత్తి తలుపు తీస్తే లోపలి నుంచి పెళ్ళివారి వంటశాల గాలి కొట్టింది. గదిలో 47 డిగ్రీలు. వైఫై డబ్బా వెనక చూస్తే 40 వరకే పనిచేస్తానని రాసి ఉంది, పాపం. డిస్కులు 58 దగ్గర ఉన్నాయి. మామూలుగా వాటికి పెట్టే గీత 60. యూపీఎస్ కీచురాయిలా అరుస్తోంది. అందులోని బ్యాటరీకి వేడంటే అసలు పడదు. పాతిక డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందంటారు. మాది మూడేళ్ళది కాస్తా ఏడాదికే కాలం చేసింది.

తలుపు తీసి ఉంచితే సరిపోయేది. కానీ ఇంట్లో ఆ గది తలుపు తీసి ఉంచడమనేది లేదు. నేను తీస్తాను, అమ్మ "ఎలకలొస్తాయిరా" అని వేస్తుంది. నేను మళ్ళీ తీస్తాను, "బిందెలు చూస్తే ఎవరైనా ఏమనుకుంటారండీ" అని మా ఆవిడ వేస్తుంది. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయాలు మా ఇంట్లో మొత్తం రెండు. ఇది రెండోది.

తరవాత ఐసు. ఒక వెడల్పాటి బేసిన్‌లో కిలో ఐసు పోసి సర్వరు ముందు పెట్టాను. గంట కాకుండానే నీళ్ళు. లెక్క చూస్తే, 140 వాట్ల వేడి కిలో ఐసుని కరిగించడానికి 40 నిమిషాలు చాలు. అంటే రోజుకు 36 కిలోలు కావాలి. చెరుకురసం బండివాడికి పోటీగా ఐసు ఫ్యాక్టరీ ముందు నిలబడాలి. పైగా గదంతా చెమ్మ. ఆ చెమ్మకి అమ్మ ఏడాదికి సరిపడా ఎండబెట్టి దాచిన గుమ్మడి వడియాలు మెత్తబడ్డాయి. ఆ రోజు నేను బయట టిఫిన్ చేశాను.

ఏసీ షాపుకీ వెళ్ళాను. ఏసీకి 'టన్ను' అన్న పేరు కూడా ఐసు లెక్కలోంచే వచ్చింది. అమెరికన్ టన్ను ఐసు, అంటే 907 కిలోలు, ఒక రోజులో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అది ఒక టన్ను ఏసీ. దాదాపు మూడున్నర కిలోవాట్లు. నా సర్వరుకి అందులో పాతికో వంతు చాలు. "టన్నులో పాతికో వంతుది ఉందా బాబూ?" అని అడిగాను. ఆ కుర్రాడు నన్ను ఫ్రిజ్‌ల వైపు చూపించాడు.

ఇదంతా చూసి అమ్మ, "నూతిలో దింపరా. మా చిన్నప్పుడు ఎండాకాలం మామిడిపళ్ళు బకెట్‌లో పెట్టి నూతిలోకి దింపేవాళ్ళం, ఎంత చల్లగా ఉండేవో" అంది. నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది, మైక్రోసాఫ్ట్ వాళ్ళు చేసింది అదే. 2018లో 864 సర్వర్లను ఉక్కు పీపాలో బిగించి స్కాట్లాండ్ దగ్గర ఓర్క్నీ దీవుల పక్కన సముద్రం అడుక్కి దింపారు. 2020లో పైకి తీశారు. నేలమీద ఉన్న వాటికంటే తక్కువ పాడయ్యాయి కూడా. ఈ మాట అమ్మకి చెప్పడం నేను చేసిన పొరపాటు. "చూశావా, వాళ్ళు కూడా..." అని వారం రోజులు ప్రతి ఫోన్‌లోనూ అందరికీ చెప్పింది. మా ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉందనీ, నుయ్యి గుడివాడలో ఉందనీ ఆవిడకి అడ్డంకిగా తోచలేదు.

ఇక మిగిలింది గాలి. కింద ఒక కన్నం, పైన ఒక కన్నం. వేడిగాలి పైకి పోతుంది, కింద నుంచి చల్లటిది వస్తుంది. వంటింట్లో పొగగూడు ఉన్న ఇంట్లో పుట్టిన వాడికి ఇది చెప్పక్కర్లేదు. సెకనుకు 12 లీటర్ల గాలి, అంటే ఓ బకెట్టుకి కాస్త తక్కువ, కదిలితే గది బయటికంటే పది డిగ్రీల కంటే ఎక్కువ వేడెక్కదు. కంప్యూటర్‌లో ఉండే అరచేతి వెడల్పు ఫ్యాను దీనికి సరిపోతుంది. నాలుగు వందల రూపాయలు.

నేను తొమ్మిదంగుళాల వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను తెచ్చాను. ఎందుకంటే దొరికింది.

పైన బిగించమంటే కార్పెంటర్ తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టి, "ఈ ప్లైవుడ్ పైన ఆగదు సార్, బరువుకి తలుపే ఊడొస్తది. కింద పెడదాం" అన్నాడు. సరే, కిందే పెట్టాం. గాలి లోపలి నుంచి హాల్లోకి కొట్టేలా. నేల నుంచి రెండడుగుల ఎత్తులో. దానికి స్మార్ట్ ప్లగ్గు పెట్టి, గది 45 డిగ్రీలు దాటితే దానంతటదే తిరిగేలా అమర్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం. అమ్మ ఆవకాయ పెట్టింది.

తెలిసిన వాళ్ళకి తెలుసు, అది యజ్ఞం. కాయలు ముందురోజే తుడిచి ముక్కలు కొట్టించారు. హాల్లో నేలమీద పాత దుప్పటి పరిచి, దాని మీద పెద్ద స్టీలు బేసిన్, చుట్టూ గిన్నెలు. కారం, అప్పుడే జల్లించిన ఆవపిండి, ఉప్పు, పక్కన పప్పునూనె. తడి తగలకూడదు, గాలి తగలకూడదు. అమ్మ సీలింగ్ ఫ్యాను కట్టించింది. కిటికీలు వేయించింది. పాపని "తుమ్మొస్తే ముందు చెప్పు" అని హెచ్చరించింది. జాడీలు చేతికందేలా స్టోర్ రూమ్ తలుపు పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కారంలో ఆవపిండి కలిపి, రెండు చేతులా ఎత్తి పోస్తోంది. ఎర్రటి గుట్ట. నాన్నగారు ఎదురుగా కుర్చీలో, ఇస్త్రీ పంచెలో, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు.

నేను మరిచిపోయిన విషయం ఒకటుంది. నెలకోసారి ఆదివారం పదకొండింటికి ఆ నాలుగు డిస్కులూ తమలో ఉన్నదంతా మొదటి నుంచి చివరిదాకా చదువుకుని, ఎక్కడైనా చెడిందేమో సరిచూసుకుంటాయి. నేనే పెట్టాను ఆ ఏర్పాటు. ఆ పని చేసేటప్పుడు అవి మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతాయి. కిటికీలు మూసిన హాలు, కట్టేసిన ఫ్యాను, బయట 43.

పదకొండున్నరకి తలుపులోంచి 'టిక్' మంది.

తరవాత జరిగినదానికి మాటలు చాలవు. మొదటి సెకనులో అమ్మ చేతుల్లోది లేచింది. రెండో సెకనులో గిన్నెలోది లేచింది. మూడో సెకనుకి హాల్లో అమ్మ కనబడలేదు. ఒక ఎర్రమబ్బు కూర్చుని ఉంది, అందులోంచి "ఒరేయ్!" అని వినబడుతోంది. నాన్నగారు ఎడతెగకుండా తుమ్ముతున్నారు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఉప్పు సంగతి చెప్పబోతున్నారు. పంచె గద్వాల చీర రంగులోకి వచ్చింది. మా ఆవిడ కళ్ళు మూసుకుని "స్విచ్ ఎక్కడండీ?" అని అరుస్తోంది. స్విచ్ లేదు. ఫోన్‌లో ఉంది. ఫోన్ వైఫైలో ఉంది. వైఫై అప్పుడే మళ్ళీ పోయింది.

చివరికి పాప వెళ్ళి మెయిన్ కట్టేసింది. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, తొణక్కుండా. ఆ ఇంట్లో ఆ క్షణాన బుర్ర పనిచేసింది దానికొక్కదానికే.

విచిత్రమేమిటంటే సర్వరుకి ఏమీ కాలేదు. ఫ్యాను గాలిని బయటికి తోసింది గనుక కారం అంతా మా వైపే వచ్చింది. లోపలి డబ్బాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. హాల్లో ఉన్న కెమెరా మొదటి నాలుగు సెకన్లూ రికార్డు చేసి, అందులోనే భద్రంగా దాచింది. మా పాప అన్నప్రాసన ఫొటోలు ఇంతవరకు ఎవరూ అడగలేదు గానీ, ఈ వీడియో గుడివాడ నుంచి డల్లాస్ దాకా చుట్టాలంతా చూశారు. పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేసి, "నేను ముందే అడిగాను కదా నాన్నా, పేలదు కదా అని" అంది.

ఆ వారంలోనే తొమ్మిదంగుళాలది తీసేశాను. స్టోర్ రూమ్ వెనక గోడకి పైన కన్నం కొట్టించి, అరచేతి వెడల్పు ఫ్యాను బిగించి, వేడిని బట్టలారేసే బాల్కనీలోకి పంపించాను. తలుపు కింద కన్నానికి జాలీ వేయించాను, ఎలకలు రాకుండా. గది ఇప్పుడు హాలుకంటే ఆరేడు డిగ్రీలే ఎక్కువ. యూపీఎస్ నోరెత్తలేదు. ఆవకాయ రెండోసారి పెట్టారు, మా బావమరిది ఇంట్లో.

మొన్న డిసెంబర్‌లో చలి మొదలైంది. పొద్దున్నే అమ్మ స్టోర్ రూమ్‌లోంచి పిండి గిన్నె పట్టుకుని వచ్చింది. మూత తీసి చూపించింది. రాత్రి ఎంత పోసిందో అంతే ఉంది.

"ఒరేయ్, నీ మిషను చల్లబడిపోయిందిరా. ఏదో పాడైనట్టుంది, ఎవరికైనా చూపించు."

పాడవలేదనీ, అలా ఉండటానికే ఇంత కష్టపడ్డాననీ కాఫీ తాగుతూ పావుగంట చెప్పాను. అమ్మ అంతా విని, "సరేలే" అని లోపలికి వెళ్ళింది. ఆ శనివారం రాత్రి ఫోన్‌లో చూస్తే డిస్కులు 46 నుంచి 51కి వచ్చాయి, ఇంకా ఎక్కుతున్నాయి. వెళ్ళి తలుపు తీశాను. పై కన్నంలో, ఫ్యాను రెక్కలకి తగలకుండా ఎంతో నేర్పుగా మడతపెట్టి, ఒక గుడ్డ కుక్కి ఉంది. లైటు వేసి చూశాను. నాన్నగారి పంచె. ఎంత ఉతికినా కారం మరక పోలేదని పక్కన పడేసినది.

చెయ్యి పెట్టి లాగబోయి, కింద పిండి గిన్నె చూశాను. మూత అప్పటికే కొద్దిగా లేచింది. తెల్లారితే ఆదివారం.

తలుపు వేసి వచ్చి పడుకున్నాను.