జరిగిపోయాక అన్నీ అనివార్యాలే

విప్లవం ఎందుకొచ్చిందని చరిత్రకారుణ్ణి అడిగి చూడండి. 'అది అనివార్యం' అంటాడు. వచ్చాక అంటాడు లెండి. ఇరాన్‌లో విప్లవం కాదు కదా, దాని ముందరి పరిస్థితి కూడా లేదని 1978 ఆగస్టులో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తేల్చేసింది. 1979 జనవరిలో ఇరాన్ రాజు షా దేశం విడిచి విమానమెక్కాడు. ఇప్పుడు చూడండి, కారణాలన్నీ వరుసగా నిలబడి ఉంటాయి, ఒక్కటీ తప్పిపోలేదు.

బతుకు చితికితే జనం తిరగబడతారని కొందరన్నారు. కాదు, కాస్త బాగుపడుతున్నప్పుడే తిరగబడతారని 1856లో ఫ్రెంచి మేధావి టోక్విల్ అన్నాడు. బాగుపడుతూ వచ్చి హఠాత్తుగా చితికినప్పుడని 1962లో అమెరికా పండితుడు డేవిస్ సర్దిచెప్పాడు. ఎటు జరిగినా గెలుపు పండితులదే.

ఈ పాండిత్యాన్ని రష్యాలో ఆడవాళ్లు విప్లవం మొదలుపెట్టిన రోజుకి, 1917 మార్చి 8న ఆనాటి రాజధాని పెట్రోగ్రాడ్ రొట్టెల క్యూలోకి పంపిద్దాం. చలి కొరికేస్తోంది. మేధావి నోటుపుస్తకం తీశాడు.

'అమ్మా, మీ ఆశల రేఖ పైకి పోతోందా, కిందికా?'

'రొట్టె అయిపోయిందంటున్నారు బాబూ.'

'అది తక్షణ కారణం, చిన్న విషయం. దీర్ఘకాలిక కారణాలు చెప్పండి.'

'మా ఆయన్ని యుద్ధానికి పట్టుకుపోయారు...'

'భేష్, అంతర్జాతీయ ఒత్తిడి!'

'ఇంట్లో నలుగురు పిల్లలు...'

'జనాభా పెరుగుదల! ఇంకా?'

ఆవిడ క్యూ వదిలేసి, కేకలేస్తూ నడివీధిలోకి నడిచింది.

'ఆగండమ్మా, మేధావుల అసంతృప్తి ఇంకా రాసుకోలేదు!' అంటూ ఈయన వెనకాలే పరుగు.

ఇంతకీ ఆ ఆడవాళ్లకు పుస్తకాల్లో దక్కిన హోదా ఏమిటి? 'నిప్పురవ్వ'. పగలంతా మిల్లులో, ఆపైన గంటల తరబడి క్యూలో నిలబడ్డ మనుషులు ఈ పండితుల లెక్కలో రవ్వలు! సమ్మె వద్దని ముందురోజే విప్లవ పార్టీ బోల్షెవిక్కుల కార్యకర్త చెప్పిపోయాడు. రాబోయే విప్లవంలో నిర్ణాయక పోరాటాలను తమ తరం చూడకపోవచ్చని జనవరిలో జ్యూరిచ్‌లో ఆ పార్టీ నాయకుడు లెనిన్ ఉపన్యసించాడు. ఆ ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు. మిల్లులు ఆపి, పక్క ఫ్యాక్టరీల కార్మికుల్ని కేకేసి రోడ్డెక్కారు. ఐదో రోజుకి సైనికులే తిరగబడ్డారు. వారం తిరిగేసరికి జార్ చక్రవర్తి గద్దె దిగాడు. ఆలోచించి, తెగించి చేసిన పనయ్యా అది! ఇంత జరిగినా, 'వాళ్లు కాకపోతే ఇంకొకరు చేసేవారు' అని తాపీగా రాసేవాడికి కాస్తయినా సిగ్గుండాలి. ఎవరయ్యా ఆ ఇంకొకరు? ఆ రోజు ఎక్కడున్నారు? ముందు వాళ్ల పేర్లు రాయమనండి.