ఇచ్చేవాణ్ణే, కానీ...

తెలంగాణలో నెల మొదట్లో జీతం పేరుగా వినపడే ‘పగార్’ అచ్చంగా మనదే అనుకుంటాం. పోర్చుగీసువాళ్ల నోట పుట్టి, మరాఠీ మీదుగా మన జేబుల్లోకి వచ్చిన మాట అది. స్పానిష్‌లోనూ పగార్ అంటే చెల్లించడమే. ఇంకా వెనక్కి, లాటిన్‌కు వెళ్తే శాంతింపజేయడం. అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డప్పుడు చెయ్యాల్సిన పని అదేగా!

పైసా తియ్యకుండా శాంతింపజేసే ఉపాయం కూడా స్పానిష్ వ్యాకరణంలో ఉంది. దాని పేరు కండిషనల్, అంటే ‘అలా ఉంటే ఇలా చేసేవాణ్ణి’ అనే క్రియారూపం. పగార్‌ను కదపకుండా చివర ‘ఈయా’ అంటిస్తే చాలు: పగరీయా, అంటే ‘ఇచ్చేవాణ్ణే’. నువ్వైతే పగరీయాస్, మేమైతే పగరీయామోస్, వాళ్లయితే పగరీయాన్. ఈ తోక ఊరికే రాలేదు. ‘చెల్లించవలసి ఉండేది’ అనే పాత వాడుకలోని ‘ఉండేది’ అరిగి అరిగి ఇలా మిగిలింది. బాధ్యత అరిగిపోయి సాకు మిగలడానికి వాళ్లకు శతాబ్దాలు పట్టింది. మా బావమరిదికి వారం చాలు.

ఇందులో అసలు మేధస్సు వేరే ఉంది. నేను, ఆయన, ఆవిడ, తమరు: అందరికీ పగరీయా ఒక్కటే. హోటల్లో బిల్లు రాగానే గంభీరంగా ‘పగరీయా’ అని ఊరుకుంటే ఎవరిస్తారో వ్యాకరణానికే తెలియదు. తెలుగులో ఆ సౌకర్యమేదీ? ‘ఇచ్చేవాణ్ణి’ అనగానే దొరికిపోతాం.

‘డబ్బుంటే ఇచ్చేవాణ్ణి’ అన్నప్పుడు ‘ఉంటే’ వైపు ఈ తోక తగిలించకూడదని పండితుల శాసనం. ఉత్తర స్పెయిన్‌లో, బర్గోస్, బాస్క్ ప్రాంతాల్లో చాలామంది అక్కడా తగిలించేస్తారు, తిట్లూ తింటారు. నా ఓటు వాళ్లకే. డబ్బూ ఊహే, చెల్లింపూ ఊహే అయినప్పుడు రెండింటికీ ఒకే తోక ఉంటే తప్పేంటి?

ఒక్క హెచ్చరిక. ‘ఈయా’ బదులు ‘ఏ’ పెట్టి నొక్కి పలికితే పగరే అవుతుంది, అంటే ‘చెల్లిస్తాను’. స్పానిష్‌లో ప్రోనోటు పేరే పగరే! నాలుక కాస్త జారితే కోర్టుకెక్కాల్సిందే.

నా స్పానిష్ క్లాసు ఫీజు మూడు నెలలుగా బాకీ. మొన్న టీచరమ్మ అడిగితే వినయంగా ‘పగరీయా’ అన్నాను. ఉచ్చారణ బాగుందని మెచ్చుకుని, తోక మాత్రం మార్చి, కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు.