బ్యాంకాక్ ఏటీఎంలో 2 వేల బాట్లు తీస్తే మనకు పడేది ఎంత?

మా బావది విడవలూరు పక్కన పల్లె. రొయ్యల గుంటలు చూసుకుంటూనే మేత డీలర్‌షిప్ కూడా నడుపుతున్నాడు. టార్గెట్ పూర్తిచేసిన డీలర్లను ఆ మధ్య కంపెనీవాళ్లు థాయ్‌లాండ్ తీసుకుపోయారు. టికెట్టు, హోటలు, తిండి అన్నీ వాళ్లవే, చేతి ఖర్చులు మాత్రం ఎవరివి వాళ్లవి. నెల్లూరులోనే డబ్బులు మార్చుకుని పోవాలనుకున్నాడు కానీ పట్టుబడి పనుల్లో కుదరలేదు, కార్డుంది కదా అన్న ధీమాతో చెన్నై వెళ్లి విమానం ఎక్కేశాడు. తిరిగొచ్చిన రెండో రోజు ఫోన్ నా చేతికిచ్చి, "ఏంది బామ్మర్దీ ఇది, నేను తీసిందొకటి, వీళ్లు కోసిందొకటి" అన్నాడు.

నాలుగు సాయంత్రాలు, నాలుగు సార్లు, సారికి 2 వేల బాట్లు (థాయ్‌లాండ్ డబ్బు). ఇద్దరం కూర్చుని ఒక్కసారికి లెక్క కట్టాం. తేలిగ్గా ఉండేందుకు బాట్‌ను 2 రూపాయల 70 పైసలు అనుకుందాం. 2 వేల బాట్లంటే 5,400 రూపాయలు. అక్కడి ఏటీఎం బయటి దేశాల కార్డులకు ప్రతిసారీ 220 బాట్లు వసూలు చేసింది, అంటే 594 రూపాయలు. ఈ రెండూ కలిపిన మొత్తం మీద, కరెన్సీ మార్చినందుకు మన బ్యాంకు వేసే మార్కప్ మూడున్నర శాతం, అది 210. విదేశంలో డబ్బు తీసినందుకు బ్యాంకు విడిగా వేసే చార్జీ 125. ఈ మార్కప్ మీద, చార్జీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 60. మొత్తం 989 రూపాయలు. చేతికొచ్చిన ప్రతి వంద రూపాయలకూ 18 రూపాయలు అదనంగా పోయాయి. నాలుగు సార్లకు 3,956.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మొత్తం కాదు. మా బావ జాగ్రత్తపరుడు కాబట్టే అంత పోయింది. ఎక్కువ డబ్బు జేబులో పెట్టుకుంటే పోతుందేమో, ఖర్చయిపోతుందేమో అని ఏ రోజుకారోజు కొంచెం కొంచెం తీసుకున్నాడు. మనందరం ఇక్కడ చేసేదీ అదే. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు సార్లు ఫ్రీ, అది దాటినా పడేది సారికి 23 రూపాయలు, పైన జీఎస్టీ. అందుకే ఊళ్లో ఆ అలవాటు మంచిదే. దేశం దాటాక అదే అలవాటు మనల్ని ముంచుతుంది, ఎందుకంటే అక్కడ చార్జీల్లో పెద్ద భాగం ఎంత తీశామన్నదాన్ని బట్టి కాదు, ఎన్నిసార్లు తీశామన్నదాన్ని బట్టి పడుతుంది. ఆ 8 వేల బాట్లూ ఒకేసారి తీసి ఉంటే అన్నీ కలిపి 1,658 రూపాయలతో పోయేది. 2,300 దాకా మిగిలేది.

ఇక రెండో దెబ్బ స్క్రీన్ మీద ఉంటుంది. పిన్ కొట్టాక, మీ రూపాయల్లో ఇంత అవుతుంది, ఈ రేటుకు ఒప్పుకుంటారా అని మెషిన్ అడుగుతుంది. పరాయి దేశంలో మన రూపాయి గుర్తు కనబడగానే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, వెంటనే ఒప్పుకునే బటన్ నొక్కేస్తాం. ఆ రేటు మన బ్యాంకుదీ కాదు, వీసా, మాస్టర్‌కార్డ్‌లదీ కాదు, ఆ మెషిన్ నడిపేవాళ్లు తమ లాభం కలిపి పెట్టుకున్న రేటు. పైగా రూపాయల్లో తీసినా మన బ్యాంకులు కొన్ని దాని మీద మళ్లీ ఫీజు వేస్తాయి. అక్కడ నొక్కాల్సింది 'డిక్లైన్ కన్వర్షన్', అంటే ఈ మార్పిడి వద్దు అని. డిక్లైన్ అంటే డబ్బు రాదేమో అని టెన్షన్ పడతారు, మా బావతో పోయిన కొడవలూరు డీలర్ ఆ భయంతోనే ఒప్పేసుకున్నాడు. ఆ బటన్ నొక్కినా డబ్బు వస్తుంది, లెక్క మాత్రం ఆ దేశం కరెన్సీలో జరుగుతుంది.

క్రెడిట్ కార్డుతో నగదు తీయడం మాత్రం ప్రాణం మీదికొస్తే తప్ప వద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మరి ఏం చేయాలి? నా మటుకు నేను చెప్పేది, నాలుగైదు రోజుల టూర్‌కు నగదు ఇక్కడే మార్చుకుని పోండి, కార్డు అత్యవసరానికే ఉంచుకోండి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దాకా ఆగొద్దు, రేటు బాగుండదు. రూపాయల నోట్లు ఇచ్చి కొనాలంటే 50 వేల లోపే, అంతకు మించితే ఖాతా నుంచి కట్టాలి. విదేశీ నోట్లు మామూలుగా ఒక ప్రయాణానికి 3 వేల డాలర్ల దాకా తీసుకుపోవచ్చు. ఫారెక్స్ కార్డు, అంటే విదేశీ డబ్బు ముందే నింపుకుని వాడే కార్డు తీసుకుంటే పోయే దేశం కరెన్సీయే నింపించండి, డాలర్లు నింపి బాట్లు తీస్తే మళ్లీ మార్పిడి చార్జీ పడుతుంది. మార్కప్ లేని డెబిట్ కార్డులూ ఉన్నాయి, వాటితో తీసినా అక్కడి మెషిన్ ఫీజు తప్పదు. ఏ కార్డయినా యాప్‌లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేసుకోకుండా బయల్దేరొద్దు. 2020లో ఆర్‌బీఐ నిబంధన వచ్చాక కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఇస్తున్నారు.

డీలర్ల సంగతి పక్కనబెడితే, నా ఆలోచనంతా ఒంగోలు, కందుకూరు, కావలి వైపు నుంచి కూతురి కాన్పుకని అమెరికా పోయి ఆరు నెలలుండే అమ్మానాన్నల గురించే. గుడి హుండీలో వేయడానికో, మనవడి చేతిలో పెట్టడానికో 20 డాలర్లు కావాలంటే అల్లుడిని అడగలేరు, మొహమాటం. పెన్షన్ కార్డు తీసుకుని వీధి చివరి ఏటీఎంకు పోతారు. అక్కడి మెషిన్ 3 డాలర్లు తీసుకున్నా, మన బ్యాంకు చార్జీ, మార్కప్, జీఎస్టీ కలిపితే ఆ 20 డాలర్ల మీద పాతిక శాతం దాటిపోతుంది. అక్కడున్న పిల్లలకు నా మాట ఒక్కటే. అమ్మానాన్న దిగిన రోజే, వాళ్లు అడగకముందే, రెండు వందల డాలర్లు చిల్లర నోట్లుగా మార్చి అమ్మ పర్సులో పెట్టండి.

బ్యాంకులను మాత్రం గట్టిగా అడగాల్సిందే. చార్జీలన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయంటారు, ఉంటాయి, ఇంగ్లిషులో, ఒకటి ఒకచోట, ఇంకోటి ఇంకోచోట. మార్కప్ అయితే చాలాసార్లు రేటులోనే కలిసిపోయి మెసేజ్‌లో విడిగా కనబడదు. యాప్‌లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేసేటప్పుడే, 10 వేల రూపాయలు తీస్తే మా వైపు నుంచి మీకు ఇంత పడుతుంది అని తెలుగులో ఒక్క అంకె చూపించడం వాళ్లకు కష్టమేం కాదు. అదే మా బావ బ్రాంచికి పోయి అడిగాడు. కౌంటర్‌లో ఉన్నాయన రెండు సర్క్యులర్లు తిరగేసి, క్యాలిక్యులేటర్ తీసి, పావుగంటకు ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీని డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే, సాయంత్రానికల్లా పదకొండు మంది తమ బ్యాంకు పేరు రాసి, మా దాంట్లో ఎంత అని అడిగారు.