పదహైదు యూరోల పారిస్

(అనంతపురం. కూతురు మౌనిక చదువుకు జర్మనీకి పొయ్యేదానికి ఇంగ నాలుగు దినాలుండాది. ఆ పిల్ల స్నేహితురాళ్ల ఇండ్లకు పోయింది. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన నారాయణప్ప ఫోను చూస్తాండాడు. సరోజమ్మ సూట్‌కేసు సర్దుతాండాది.)

నారాయణప్ప: ఏమ్మే, ఆ డబ్బాలో ఏముండాది?

సరోజమ్మ: నెయ్యి. మా అమ్మ కాచి పంపించింది.

నారాయణప్ప: తీసెయ్.

సరోజమ్మ: మా అమ్మ అనేసరికి నీకు యాడలేని మంట!

నారాయణప్ప: మీ అమ్మ కాచినా మా అమ్మ కాచినా ఒకటే. బయటి దేశాల పాల వస్తువులు, మాంసం యూరోపియన్ యూనియన్ లోపలికి తీసకపోకూడదు. నెయ్యి, పాలకోవా, పన్నీరు, అన్నీ కస్టమ్స్ చెత్తబుట్టకే. ఆ పచ్చి కరివేపాకు కూడా తియ్.

సరోజమ్మ: కరివేపాకు పాలిస్తాదా?

నారాయణప్ప: ఆకులకు, కాయలకు, పండ్లకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్టు కావల్ల. అది అడక్కుండా వదిలేసే పండ్లు అయిదే. అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, ఇంగొకటి డూరియన్.

సరోజమ్మ: కొబ్బరికాయ పోతాదా? అయితే రెండు పెడతా. కొత్తింట్లో దిగంగనే కొట్టుకుంటాది.

నారాయణప్ప: 23 కిలోల్లో కొబ్బరికాయలకు చోటా? కరివేపాకు ఎండబెట్టి పొడి కొట్టు. చెనిక్కాయల పొడి పెట్టు. సామాన్లలో ఆ కొత్త కుక్కరేంది? ఇంట్లో బంగారట్లాంటి కుక్కర్ ఉండంగ!

సరోజమ్మ: బంగారం కాదు, అల్యూమినియం. ఆ పిల్ల రూములో ఇండక్షన్ పొయ్యి ఉంటే అది వేడెక్కదు. ఇది స్టీలుది. అడుగున అయస్కాంతం అతుక్కుంటాదా ల్యాదా అని అంగట్లోనే చూసి కొన్నా. రైస్ కుక్కర్ మాత్రం వద్దన్నా. కరెంటు మనట్లే 230 వోల్టులే గానీ, మన మూడు పిన్నుల ప్లగ్గు ఆడ దూరదు.

నారాయణప్ప: సరే, ఆ సంగతి ఇడ్సు. ఇట్ల చూడు. బిడ్డకు పారిస్ చూపిస్తాండా, పదహైదు యూరోలకు!

సరోజమ్మ: బస్సా?

నారాయణప్ప: విమానం! క్రిస్మస్ సెలవులకు. నొక్కితే అయిపాయె.

సరోజమ్మ: నొక్కొద్దు. యా ఎయిర్‌పోర్టు?

నారాయణప్ప: పారిస్ బోవే. పేర్లోనే పారిస్ ఉండాది కదా.

సరోజమ్మ: అది పారిస్‌కు 85 కిలోమీటర్లు. అనంతపురమని టికెట్టు కొట్టి పుట్టపర్తిలో దింపినట్ల. ఆడ్నుంచి ఊళ్లోకి బస్సుకే 16 యూరోల పైన. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఇంగోటుండాది, అది ఫ్రాంక్‌ఫర్ట్‌కు 120 కిలోమీటర్లు.

నారాయణప్ప: నీకెవరు చెప్పిరి ఇవన్నీ?

సరోజమ్మ: మౌనిక సీనియర్ల గ్రూపులో నన్నూ చేర్చింది. నువ్వు పేపర్లో రాశిఫలాలు చూసే టైములో నేను అది చూస్తా.

నారాయణప్ప: పదహైదూ పదహారూ ముప్పై ఒకటి. అయినా తక్కువే.

సరోజమ్మ: ఆగు, ఇంగా ఉండాది. ఆ చవక విమానాల కంపెనీ ర్యానైర్‌లో ఊరికే వచ్చే బ్యాగు ఒకటే. 40, 30, 20 సెంటీమీటర్లు, సీటు కింద దూరల్ల. చలికాలం కోటు ఒకటి మడిస్తే సగం బ్యాగు అదే. గేటు కాడ కొలతపెట్టెలో పట్టకపోయిందనుకో, టికెట్టు కంటే ఎక్కువ గుంజుతారు.

నారాయణప్ప: కోటు మడిచేదేటికి? తొడుక్కోని ఎక్కమను. జేబుల్లో ఛార్జరూ, పుస్తకమూ పెట్టుకుంటే సరి.

సరోజమ్మ: అబ్బా! ముప్పై ఏండ్ల సంసారంలో ఇది మాత్రం పనికొచ్చే మాట చెప్పినావు. కానీ ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ మర్చిపోయిందంటే కౌంటర్లో 55 యూరోలు.

నారాయణప్ప: పదహైదు రూపాయల టికెట్టుకు యాబై అయిదు రూపాయల ఫైనా? మా డిపోలో ఇట్ల చేసింటే జనం బస్సు అద్దాలు మిగలనిచ్చేటోళ్లు కాదు!

సరోజమ్మ: రూపాయలు కాదు సామీ, యూరోలు. చెక్-ఇన్ చేసినా, యూరప్ పాస్‌పోర్టు లేనోళ్లు సెక్యూరిటీకి పోకముందే కౌంటర్ కాడ వీసా చూపించుకోవల్ల. ఆ లైన్లో నిలబడే టైము కూడా లెక్కలో పెట్టుకో. విమానం ఎన్నింటికి?

నారాయణప్ప: పొద్దున ఆరుకు.

సరోజమ్మ: ఆరుకు విమానమంటే నాలుగుకు ఆడ ఉండల్ల. ఆ యాళకు ఎయిర్‌పోర్టుకు రైలుండాదా చూసినావా? ల్యాకుంటే రాత్రంతా కుర్చీలో పడుకోవల్ల, కాదంటే ట్యాక్సీ. ఇప్పుడు అన్నీ కూడి లెక్క చూడు.

(నారాయణప్ప వేళ్లు మడుస్తాడు. కొంచేపటికి ఫోను పక్కన పెడతాడు.)

సరోజమ్మ: దానికంటే ఫ్లిక్స్‌బస్ మేలు. రాత్రెక్కితే పొద్దునకు ఊళ్లోనే దింపుతాది. పెద్ద బ్యాగొకటి డిక్కీలోకి, చిన్నది చేతిలోకి, రెండూ టికెట్టులోనే. ఒక రాత్రి హాస్టల్ బాడుగ కూడా మిగులు.

నారాయణప్ప: బస్సు! నేనెప్పుడైనా బస్సు వద్దన్నానా? విమానమని ఊరేగింది నువ్వే.

సరోజమ్మ: నేనా!

నారాయణప్ప: కానీలే. బస్సన్నాక చెకింగు ఉంటాది. పాస్‌పోర్టు డిక్కీలో పెట్టొద్దని చెప్పు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీవాళ్లు భూమ్మీది సరిహద్దులన్నింటి కాడా తనిఖీ పెట్టినారు. నడిరాత్రి పోలీసులెక్కితే పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ చూపించల్ల.

సరోజమ్మ: కార్డు రావడానికి నెలలు పడ్తాదంట. అంతవరకు పాస్‌పోర్టులోని వీసాతో తిరగొచ్చు. వీసా గడువైపోయి, కార్డు చేతికి రాని ఆ నడుమన మాత్రం దేశం దాటేముందు అడిగి తెలుసుకోవల్ల. క్రిస్మస్‌కు టికెట్టు కొనేముందు ఆ తేదీ చూసుకోవల్ల. ఆ కార్డు ఉంటే 26 ఏండ్లు నిండనోళ్లకు లూవ్ర్ మ్యూజియం ఊరికే. మన పాస్‌పోర్టు ఒకటే చూపిస్తే నిండు టికెట్టు కొట్టిస్తారు.

నారాయణప్ప: విను, టికెట్ల సంగతి నన్ను చెప్పనీ. జర్మనీలో గేట్లుండవు, కండక్టరు ప్రతి స్టాపులో అడగడు. ఎవరూ చూడరులే అనుకుంటాది పిల్ల. మామూలు బట్టల్లో ఉన్నోడు పక్కన నిలబడి, తలుపులు మూసుకున్నాక కార్డు తీస్తాడు. 60 యూరోలు! టికెట్టు కొన్నా తప్పించుకోలేవు. బెర్లిన్‌లో మిషన్‌లో కొన్న కాయితం టికెట్టుకు ప్లాట్‌ఫారం మీది డబ్బాలో ముద్ర కొట్టల్ల. ఇటలీలో కాయితం టికెట్టుతో ఊర్ల రైలెక్కినా అంతే. ముద్ర ల్యాకుంటే టికెట్టు ల్యానట్లే. మంచి పద్ధతి!

సరోజమ్మ: ఎవరికో ఫైను పడ్తాదంటే నీ మొగంలో ఆ కళేంది?

నారాయణప్ప: డాయిచ్‌లాండ్ టికెట్టు అని ఒకటుండాది. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. చానా యూనివర్సిటీలు పిల్లోళ్లకు అందులో 60 శాతానికే సెమిస్టర్ ఫీజులో కలిపి ఇస్తాయి. దాంతో ట్రాము, సిటీ బస్సు, ఆర్‌బీ, ఆర్‌ఈ అనే ఊర్ల రైళ్లు, ఎస్-బాన్ అనే సిటీ రైళ్లు ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ అనే దూరం పొయ్యే రైళ్లు ఎక్కితే చెల్లదు.

సరోజమ్మ: సెమిస్టర్ అక్టోబరు ఒకటికి కదా మొదలు? పిల్ల దిగేది సెప్టెంబర్లో.

నారాయణప్ప: (గొంతు తగ్గించి) అవునే. ఆ నెలకు 63 పెట్టి విడిగా కొనల్ల. అది చందా మాదిరి ఉంటాది. పదో తేదీ లోపల రద్దు చెయ్యకుంటే పై నెల కూడా కోస్తారు.

సరోజమ్మ: దిగిన దినం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పిల్ల చదివే డ్రెస్డెన్‌కు రైలు టికెట్టు కొన్నావా?

నారాయణప్ప: ఎప్పుడో! చవకది, సూపర్ స్పార్‌ప్రైస్. విమానం దిగిన గంటన్నరకు.

సరోజమ్మ: గంటన్నరకా! ఇమిగ్రేషన్ లైనుండాది, రెండు సూట్‌కేసులు రావల్ల. ఆ టికెట్టు ఆ ఒక్క రైలుకే. రద్దు చేస్తే పైసా వెనక్కి రాదు. వాళ్ల రైలు లేటైతే ఇంగో రైలెక్కనిస్తారు గానీ, మా విమానం లేటాయె అంటే వాళ్లకేం సంబంధం?

నారాయణప్ప: అంటే ఆ డబ్బులు పాయనా?

సరోజమ్మ: టైముకు దిగితే పోవు. దిగకుంటే ఆ పొద్దు స్టేషన్లో కొనే టికెట్టు రేటుకు ఇట్లాటివి నాలుగొస్తాయి. ఇంగొకటి. ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు రూపాయల్లో తియ్యాల్నా, యూరోల్లోనా అని అడిగితే యూరోలనే నొక్కమని చెప్పు. రూపాయలంటే వాళ్లకు నచ్చిన రేటు ఏస్తారు.

నారాయణప్ప: పోనీ, సెలవుల్లో లండన్‌కు పంపిద్దామా?

సరోజమ్మ: ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలను షెంగెన్ అంటారు. లండన్ అందులో ల్యాదు, మల్ల వేరే వీసా.

నారాయణప్ప: స్విట్జర్లాండ్?

సరోజమ్మ: వీసా చెల్తాది, ఫోను డేటా చెల్లదు. యూరోపియన్ యూనియన్‌లో ఊరికే వచ్చే రోమింగ్‌లో ఆ దేశం ల్యాదు. ఫోను ఆఫ్ చెయ్యకుండా సరిహద్దు దాటిందంటే బిల్లు నీకొస్తాది.

నారాయణప్ప: పట్టా ఇచ్చే దినానికి మనిద్దరమూ పోవల్ల కదా. యామ్మే, రిటైరైనోళ్లకిచ్చే నా బస్సు పాసు...

సరోజమ్మ: చూపించు. ఆ మామూలు బట్టలాయన వచ్చినప్పుడు చూపించు. నేను వేరే పెట్టెలో కూచుంటా.