చిన్న కారంటే ఎందుకీ చిన్నచూపు?

మా అక్క కొడుకు వరంగల్‌లో ఉంటాడు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులే అయినా ఇద్దరి జీతాలు కలిపితే నెలకు డెబ్బై వేలు దాటవు. మూడేళ్ల పాప. శనివారం సాయంత్రం ముగ్గురూ బైకు మీద నర్సంపేట బయల్దేరతారు, అక్కావాళ్ల దగ్గరికి. పాప ముందు ట్యాంకు మీద కూర్చుంటుంది. పోయిన వానాకాలంలో ఓ రోజు గీసుగొండ దాటాక వాన పట్టుకుంది. టీకొట్టు రేకుల కింద గంటన్నర నిలబడ్డారు. పాపకు తల తడవకుండా హెల్మెట్ పెట్టి పట్టుకున్నారట. ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు: "ఇక లాభం లేదు మామయ్యా, కారు తీసుకుంటా."

సంతోషించాను. రెండు వారాల తర్వాత వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు. ఆన్‌రోడ్ ధర 14 లక్షలు. రెండు లక్షలు చేతి నుంచి, 12 లక్షలు లోను, ఏడేళ్ల కిస్తీలు. ఎత్తైన, వెడల్పాటి ఎస్‌యూవీ. "చిన్న కారు చూడలేదట్రా?" అని అడిగాను. "మొదట దానికే వెళ్లాం మామయ్యా. ఇంకో లక్ష వేస్తే పై మోడల్ వస్తుందన్నారు. ఆ పైన ఇంకో లక్ష వేస్తే పెద్ద బండే వస్తుందన్నారు. ఆఫీసులో కూడా అంతా, కొంటే కారులాంటి కారు కొను అంటున్నారు."

ఈ 'ఇంకో లక్ష' అనే మాట ఎన్ని మధ్యతరగతి ఇళ్లను అప్పులోకి దింపుతోందో చూస్తూనే ఉన్నాను. ఒక్కో మెట్టు దగ్గరా తేడా లక్షే కనిపిస్తుంది. పైకి వెళ్లాక వెనక్కి తిరిగి చూస్తే పది లక్షలు ఎక్కేసి ఉంటాం.

ఆ ఆదివారం కాగితం మీద లెక్క వేసి వాడికి ఫొటో పంపాను. 9 శాతం వడ్డీకి 12 లక్షలు ఏడేళ్లకు తీసుకుంటే నెలకు కిస్తీ దాదాపు 19,300 రూపాయలు. ఏడేళ్లలో కట్టేది 16 లక్షల 20 వేలు, అందులో 4 లక్షల 20 వేలు ఒట్టి వడ్డీ. అదే చిన్న కారుకు నాలుగు లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 8,300. మొత్తం వడ్డీ లక్ష లోపే. అంటే పెద్ద కారు మీద కట్టే వడ్డీతోనే ఇంకో చిన్న కారు షోరూమ్ ధర తీరిపోతుంది. కిస్తీతో లెక్క ఆగదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 20 ఇచ్చే బండికి 50 లీటర్లు చాలు. పన్నెండున్నర ఇచ్చే బండికి 80 లీటర్లు పోయాలి. పెట్రోలు 107 రూపాయలనుకుంటే అక్కడ మరో 3,200. థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి తప్పనిసరిగా చేయించేది) 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ దాటితే 7,897. చాలా చిన్న కార్ల ఇంజిన్లు 998, 999 సీసీ దగ్గరే ఉంటాయి కాబట్టి తక్కువ స్లాబులో పడతాయి. టైర్లు, బ్రేకులు, సర్వీసింగ్ వదిలేసినా రెండు బళ్లకూ నెలకు తేడా 14 వేలు దాటింది. డెబ్బై వేల జీతంలో ఐదో వంతు అది.

కారు కొనే స్థోమత అంటే కిస్తీ కట్టే స్థోమతే అనుకుంటున్నాం. నా దృష్టిలో కిస్తీ కట్టాక కూడా పాప ఫీజుకు, అమ్మ మందులకు, ఆర్నెల్లు ఉద్యోగం పోయినా ఇల్లు గడవడానికి మిగలాలి. అప్పుడే ఆ కారు మనది. లేదంటే మనమే దానికి జీతగాళ్లం.

ఈ చిన్నచూపు ఎప్పటి నుంచో ఉన్నది కాదు. 1983 డిసెంబర్ 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందజేసినప్పుడు, అది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న బండి. ధర యాభై వేలకు అటూఇటూ. అప్పటిదాకా కారంటే అంబాసిడర్, లేదంటే ప్రీమియర్ పద్మిని. డబ్బు కట్టినా ఏళ్ల తరబడి ఎదురుచూడాలి, వచ్చాక మెకానిక్ చుట్టూ తిరగాలి. తాళం తిప్పగానే స్టార్టయి, రోజూ ఆఫీసుకు తీసుకెళ్లి తీసుకొచ్చే కారు అనేది చాలామందికి అదే మొదలు. మా ఊళ్లో మొదటి 800 గవర్నమెంటు డాక్టరు గారిది. సాయంత్రం ఆస్పత్రి ముందు ఆగి ఉంటే పిల్లలం అద్దాల్లోంచి లోపలికి తొంగి చూసేవాళ్లం. ఆ కారును చూసి డాక్టరు గారి స్థాయి తక్కువని ఒక్కరూ అనుకోలేదు. 2010 ఏప్రిల్‌లో కొత్త ఉద్గార ప్రమాణాలు వచ్చి హైదరాబాద్ సహా 13 నగరాల్లో దాని అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగింది. అప్పటికి దేశంలో 25 లక్షలకు పైగా అమ్ముడైన బండి అది.

మరి ఎక్కడ మారింది? నానో కథలో కొంత జవాబు ఉంది. స్కూటర్ మీద వానలో వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు వచ్చిన ఆలోచన అది. మా మేనల్లుడి కుటుంబం లాంటిదే. 2008 జనవరిలో చూపించారు, 2009లో రోడ్డెక్కింది. లక్ష రూపాయల కారు అని దేశమంతా పేరు మోగింది. ఆ పేరే దానికి ఉరి అయింది. అన్నిటికంటే చవకైన కారు అన్న ముద్ర వేసి అమ్మడం పొరపాటైందని రతన్ టాటాయే తర్వాత అన్నారు. తెలుగులో చవక వేరు, చౌకబారు వేరు. ఈ రెంటికీ తేడా మనకు తెలుసు. అయినా బండి దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటైపోయాయి. తొమ్మిదేళ్ల కుస్తీ తర్వాత 2018 నాటికి నానో కథ ముగిసింది. చిన్న కారు కొనేవాడు లోకం దృష్టిలో 'కొనలేనివాడు' అన్న భావం మాత్రం మిగిలిపోయింది.

2024-25లో దేశంలో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్యాసింజర్ వాహనాల్లో దాదాపు 65 శాతం ఎస్‌యూవీలు, ఎక్కువ మంది పట్టే ఎంపీవీల్లాంటివే. 2024లో అత్యధికంగా అమ్ముడైన కారు టాటా పంచ్. నలభై ఏళ్లలో మొదటిసారి ఆ స్థానం మారుతి చేయి దాటింది. కంపెనీలు కూడా లాభం ఎక్కువున్న వైపే మొగ్గాయి. మన ఆంధ్ర గడ్డ మీద, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఏడాదికి మూడు లక్షలకు పైగా కార్లు చేసే సామర్థ్యంతో నిలబడింది. సెల్టోస్, సోనెట్, కారెన్స్ అక్కడి నుంచే దేశమంతా వెళ్తున్నాయి. అది మనకు గర్వమే. కానీ అక్కడ తయారయ్యే కార్లలో ఆ చుట్టుపక్కల టీచరో, కండక్టరో అప్పు భయం లేకుండా కొనగలిగే చిన్న హ్యాచ్‌బ్యాక్ ఒక్కటీ లేదు.

పన్ను విధానం కూడా ఇందులో పాలు పంచుకుంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజిన్ ఉన్నవాటిని చిన్న కార్లుగా లెక్కించి ఎక్సైజ్ సుంకం తగ్గించారు. ఉద్దేశం మంచిదే. కాలక్రమంలో ఆ నాలుగు మీటర్ల గీత లోపలే ఎత్తు పెంచి, బరువు పెంచి, ఎస్‌యూవీ రూపం ఇచ్చి కంపెనీలు పది, పన్నెండు లక్షల బళ్లు దింపాయి. ధర నాలుగు లక్షలైనా పన్నెండు లక్షలైనా పన్ను దృష్టిలో ఒకే చిన్న కారు. మరోవైపు అసలైన చిన్న కారు మీద ఖర్చులు వరసగా వచ్చిపడ్డాయి: 2018 నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టడం, 2019లో ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేకు ఏర్పాటు), ఎయిర్‌బ్యాగు, 2020లో కాలుష్యం తక్కువ వదిలే బీఎస్-6 ఇంజిన్. ఇవన్నీ అవసరమైనవే, ఒక్కటీ వద్దనను. కాకపోతే పాతిక వేల ఖర్చు పాతిక లక్షల కారులో కనిపించదు, నాలుగు లక్షల కారుకు అది మోయలేని బరువు. టూవీలర్ మీదున్న కుటుంబానికి కారు అందకుండా పోతోందని మారుతి చైర్మన్ ఆర్.సి. భార్గవ కొన్నేళ్లుగా చెబుతున్నారు. ఆయన అమ్ముకునే మనిషే కావచ్చు, మాట మాత్రం నిజం.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పైనున్న సెస్సూ పోయింది. ఆల్టో కె10 ప్రారంభ ధర 4.23 లక్షల నుంచి 3.70 లక్షల దగ్గరికి దిగింది. చాలా ఏళ్ల తర్వాత ఈ వర్గానికి దొరికిన నిజమైన ఊరట ఇది.

ఇక నమ్మకం సంగతి. నమ్మకమైన కారంటే ఎప్పుడూ చెడిపోని కారని అనుకుంటారు. అలాంటిది లేదు. 2012లో కొన్న మా చిన్న కారు లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. రెండేళ్ల కిందట ఖమ్మం నుంచి వస్తూ కోదాడకు ఆరేడు కిలోమీటర్ల ముందు క్లచ్ వైరు తెగింది. ఎంత తొక్కినా పెడల్ నేలకంటుకుని పైకి రాదు. మధ్యాహ్నం రెండున్నర. కారులో అమ్మ ఉంది. రోడ్డు పక్క పంక్చర్ షాపు కుర్రాడు ఎవరికో ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల్లో ఓ నడివయసు మెకానిక్ బైకు మీద వచ్చాడు, కొత్త వైరు చుట్టచుట్టి భుజానికి తగిలించుకుని. బానెట్ ఎత్తి, కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని, పావుగంటలో పాతది లాగి కొత్తది వేశాడు. రెండుసార్లు పెడల్ తొక్కించి, గేర్లు వేయించి చూసి, వైరు ఖరీదుకు తన కూలి కలిపి ఎనిమిది వందలు తీసుకున్నాడు. "ఈ బండికి సామాను ప్రతి షాపులో ఉంటది సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. సాయంత్రం చీకటి పడకముందే ఇల్లు చేరాం.

ఆ మెకానిక్ బైకు మీద వైరు తెచ్చాడు చూశారా, నా లెక్కలో నమ్మకమంటే అదే. లక్షల్లో అమ్ముడైన చిన్న కారుకు సామాను చిన్న టౌన్లో కూడా దొరుకుతుంది, దాని గుట్టు ప్రతి షెడ్డులో ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది. స్క్రీన్లు, సెన్సర్లు నిండిన ఖరీదైన బండి అదే చోట ఆగితే, లాగుడు బండి మీద హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్లాలి. వారంటీ అయిపోయాక ఆ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది.

చిన్న కారుకు నేను గట్టిగా వాదించలేని చోటు ఒకటుంది. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన చిన్న కార్లను గుద్ది చూస్తే సున్నా స్టార్లు వచ్చాయి. 2023లో కూడా ఆల్టో కె10కు పెద్దల భద్రతలో రెండు స్టార్లు, పిల్లల భద్రతలో సున్నా. ఇప్పుడు ఆల్టో కె10 అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు, మంచిదే. కానీ బాడీ గట్టిగా లేకపోతే ఎయిర్‌బ్యాగు ఒక్కటే కాపాడలేదు. తక్కువ ధరకు కొన్నవాడి ప్రాణం తక్కువ ధరది కాదు. ఈ విషయంలో కంపెనీలను నిలదీయాల్సిందే. అదే సమయంలో పోలిక దేనితోనో కూడా చూడాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోతే, వాళ్లలో 44 శాతానికి పైగా టూవీలర్ మీద వెళ్తున్నవాళ్లే. మా మేనల్లుడు ఐదు స్టార్ల కారు దిగి రెండు స్టార్ల కారు ఎక్కడం లేదు. బైకు ట్యాంకు మీద నుంచి పాపను దించి, వెనక సీట్లో చైల్డ్ సీటులో బెల్టు పెట్టి కూర్చోబెడుతున్నాడు. అయినా చిన్న కార్లలోనే రెండు మూడు మోడళ్లు చూసి, స్టార్లు ఎక్కువున్నదాని కోసం మరో యాభై, అరవై వేలు పెట్టమనే చెప్పాను. నేను ఒప్పుకునే 'ఇంకో లక్ష' అదొక్కటే, అదీ లక్ష లోపు.

వాడు చివరికి చిన్న కారే తీసుకున్నాడు. ఐదేళ్ల లోను. బిల్లు ఫొటో పంపి, అందులో ఒక గడి చుట్టూ ఎర్రగా గీత గీశాడు. "ఇదేంటి మామయ్యా, నా నెలన్నర జీతం ఇక్కడే పోయింది!" అది లైఫ్ ట్యాక్స్, బండి రిజిస్ట్రేషన్ అప్పుడు రాష్ట్రానికి ఒకేసారి కట్టే పన్ను. తెలంగాణలో ఐదు లక్షల లోపు కారుకు 13 శాతం, ఐదు నుంచి పది లక్షల కారుకు 14 శాతం. జీఎస్టీలో తగ్గింది తగ్గగా, రాష్ట్రం వేసే ఈ లైఫ్ ట్యాక్స్‌లో మాత్రం జీవితంలో మొదటి కారు కొనే కుటుంబానికి దక్కిన తగ్గింపు ఒక్క శాతం. 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు మాత్రం లైఫ్ ట్యాక్స్ పూర్తిగా మినహాయించారు. కాలుష్యం తగ్గాలంటే అలాంటి ప్రోత్సాహం కావాలి, కాదనను. కానీ ముప్పై లక్షల ఎలక్ట్రిక్ కారు కొన్నవారు సున్నా కట్టి, బైకు దిగి నాలుగున్నర లక్షల కారు ఎక్కినవాడు అరవై వేలు కట్టడం న్యాయంగా లేదు. ఆ మినహాయింపు గడువు 2026 డిసెంబర్ దాకా పెట్టారు. దాన్ని మళ్లీ బల్ల మీదికి తీసినప్పుడు, పక్కనే ఐదు లక్షల లోపు కారు, కుటుంబంలో మొదటి కారు అనే వరస ఒకటి చేర్చి, ఆ 13ను కనీసం సగం చేయాలి.