ఇకపై ‘లాటినెక్స్’ అనాలట!

ఇప్పుడే ఆఫీసులో మీటింగు ముగిసింది, ఒళ్ళు మండిపోతోంది. సెప్టెంబరు 15 నుంచి అమెరికాలో హిస్పానిక్ హెరిటేజ్ మాసం, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళ వారసత్వ వేడుక కదా, ఆ ఏర్పాట్ల మీద చర్చ. గ్వాటెమాలాలో పుట్టి పెరిగిన మా సహోద్యోగి మాటల మధ్యలో ‘నేను లాటినాని’ అన్నారు. లాటిన్ అమెరికా మూలాలున్న ఆడవాళ్ళు లాటినా, మగవాళ్ళు లాటినో. అంతే, శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు అందుకున్నాడు: ‘లాటినెక్స్ అనడం మంచిదండీ, ఆడ, మగ తేడా ఉండదు, ఎవరినీ నొప్పించదు.’ స్పానిష్‌లో మంచినీళ్ళు అడగడం కూడా రాదు అతనికి! యాభై దాటిన ఆవిడ, పాపం, తానెవరో తెలుసుకోవడానికి ఇతగాడి స్లైడు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆడ, మగ అనే రెండు గడుల్లో ఇమడనివాళ్ళు ఆ మాటతో పిలవమంటే సంతోషంగా పిలుస్తాను. నా గొడవ వాళ్ళతో కాదు. ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రచురించిన సర్వేలో, అమెరికాలోని లాటినో వయోజనుల్లో తమకు ఆ మాట వాడుకుంటున్నది 4 శాతమే. మిగతావాళ్ళకు బారసాల చేయమని వీళ్ళను ఎవరు పిలిచారు? లాటినోల హక్కుల కోసం 1929లో పుట్టిన లూలాక్ సంఘమే 2021లో ఆ మాట పక్కన పెట్టేసింది. ఆడ, మగ తేడా లేకుండా, స్పానిష్‌లో నోరు తిరిగే ‘లాటినే’ అనే మాట ఉండనే ఉంది, స్లైడులో దానికి చోటు దొరకలేదు.

అటు ఆర్కన్సా గవర్నరు సారా హకబీ శాండర్స్ ఇంకో రకం. 2023 జనవరిలో పదవి చేపట్టిన రోజే ప్రభుత్వ పత్రాల్లో ఆ మాటను నిషేధించారు. రాష్ట్రంలో వేరే సమస్యలేవీ మిగల్లేదు కాబోలు.

అన్నట్టు, రాత్రిళ్ళు మా అంతస్తు శుభ్రం చేసేవాళ్ళంతా స్పానిష్ మాట్లాడేవాళ్ళే. ఈ వేడుకకు వాళ్ళను పిలవరట, ‘కాంట్రాక్టరు మనుషులు కదా’ అట. టాకోలు తిని మేం పడేసిన కాగితం ప్లేట్లు ఎత్తడానికి మాత్రం ఏ కాంట్రాక్టూ అడ్డురాదు!

కిందటేడు దీపావళికి కూడా ఈ ఏర్పాట్లు చేసే బృందమే మా మీద పడింది. ఆహ్వానంలో ‘దక్షిణాసియా వెలుగుల వేడుక’ అని రాశారు, దీపావళి అన్న మాటే లేదు. ఎందుకంటే ‘అందరినీ కలుపుకోవాలి’ అన్నారు. కలుపుకుని ఏం చేశారయ్యా అంటే, సాయంత్రమంతా హిందీ పాటలు పెట్టి ‘మీ భాషే కదా’ అని నా వంక చూసి నవ్వారు. తెలుగు అన్నాను. ‘ఓహో, హిందీలో యాసా?’ ఎనిమిది కోట్ల మందిమి యాస అయిపోయాం!

ఈసారి కమిటీలో చేరమని నన్నూ అడిగారు. శుభ్రం చేసేవాళ్ళను భోజనానికి పిలిస్తే వస్తానన్నాను. ‘పరిశీలిస్తాం’ అన్నారు.