సర్వర్ల వేడికి ట్యాంకర్ నీళ్లేనా?

డేటా కేంద్రాలను హైదరాబాద్ పిలిచి పీట వేస్తోంది. భూమి, కరెంటు, రాయితీల గురించి ఎంత చర్చ జరిగిందో చూశాం. అక్కడ రాత్రింబవళ్లు నడిచే సర్వర్ కంప్యూటర్ల వేడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఒక్క మెగావాట్ వేడిని కూలింగ్ టవర్‌లో నీటిని ఆవిరి చేసి వదిలించుకోవాలంటే రోజుకు దాదాపు 35 వేల లీటర్లు గాలిలో కలిసిపోతాయి. వేసవిలో మాదాపూర్ అపార్ట్‌మెంట్ల ముందు ఆగే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు!

మరో దారి ఉంది. సర్వర్ బోర్డును విద్యుత్తును ప్రసరింపనివ్వని ద్రవంలో ముంచితే, చిప్పు వేడికి ఆ ద్రవమే మరిగి వేడిని మోసుకుపోతుంది. చిక్కంతా బుడగలతోనే. అవి ఉపరితలాన్ని ఒక పట్టాన వదలవు. మితిమీరితే ఏకమై ఆవిరి పొరగా పరుచుకుంటాయి, ద్రవాన్ని దరిచేరనివ్వవు. ఇక చిప్పు మాడిపోవడమే. ఎదురుగా ఒక ఎలక్ట్రోడ్ (వోల్టేజీ ఇచ్చే లోహపు ముక్క) అమర్చి కొన్ని వేల వోల్టులు ఇస్తే కథ మారుతుంది. విద్యుత్ క్షేత్రం ఆవిరి కంటే ద్రవాన్ని బలంగా లాగుతుంది. దాంతో బుడగలు క్షేత్రం బలహీనంగా ఉన్న వైపు తప్పుకుంటాయి, ఆ ఖాళీలోకి ద్రవం దూసుకొస్తుంది. ఎలక్ట్రోడ్ ఆకారం కుదరకపోతే అవే బుడగలు తిరిగి చిప్పుకే అతుక్కుంటాయి. పనితనమంతా అక్కడే ఉంది. వోల్టులు వేలల్లో ఉన్నా ప్రవహించే కరెంటు అత్యల్పం, కాబట్టి విద్యుత్ ఖర్చు నామమాత్రమే. ఇదేమీ నిన్న మొన్నటి ఊహ కాదు, 1916లోనే బ్రిటన్‌లో పేటెంట్ పొందిన ఆలోచన.

మన ఎండలకు ఇది మరీ ముఖ్యం. 60 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం తన వేడిని 42 డిగ్రీల గాలికైనా వదలగలదు, నీటి చుక్క అక్కర్లేదు. కానీ చిప్పును సుమారు 85 డిగ్రీల లోపు ఉంచాలి. ఆ రెంటి మధ్య ఉన్న కొద్ది డిగ్రీల వెసులుబాటును కాపాడేది ఈ క్షేత్రమే.

అధిక వోల్టేజీ ప్రమాదకరమని, ఇటువంటి ద్రవాల్లో చాలావరకు ప్రకృతిలో విచ్ఛిన్నం కాకుండా ఏళ్ల తరబడి మిగిలిపోయే ఫ్లోరిన్ రసాయనాలని అభ్యంతరం. రెండోది నిజమైన చిక్కే. వాటిని తయారుచేసే అమెరికా కంపెనీ త్రీఎం 2025 చివరికల్లా వాటి తయారీ మానేస్తామని 2022లోనే ప్రకటించింది. అయితే కొత్త ద్రవం వెతకాల్సింది ఎవరు?

తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కందిలో ఐఐటీ, రామచంద్రాపురంలో హీట్ ఎక్స్ఛేంజర్లు చేసే భెల్, అన్నీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. అయినా మనం స్థలం ఇచ్చి, నీళ్లిచ్చి, కాపలా ఉద్యోగాలతో సరిపెట్టుకుంటున్నాం. రాయితీ ఒప్పందంలో ఒక్క షరతు చాలు: ప్రతి కేంద్రంలో కూలింగ్ టవర్ లేని హాలు ఒకటి ఉండాలి, దాని రూపకల్పన ఇక్కడి ప్రయోగశాలలతో కలిసి జరగాలి, ఏప్రిల్, మే నెలల నీటి మీటరు రీడింగులు జనం ముందు పెట్టాలి.